యాప్ ఎవరి చేతిలో ఉంటుంది? అన్‌మోల్ నుంచి కోవిన్ దాకా

మన గ్రూపులో బీటెక్, బీసీఏ, నర్సింగ్ చదివేవాళ్లు చాలామందే ఉన్నారు. రేపు మీలో ఎవరో ఒకరు ఆరోగ్య యాప్ తయారుచేసే చోటో, దాన్ని ఊళ్లో వాడే చోటో ఉంటారు. అందుకే ఈ పదేళ్ల చరిత్ర ఒకసారి వరసగా చూద్దాం.

ఆరోగ్య యాప్‌ని వాడేవాళ్లు ఒక రకం కాదు. వైద్యం కావాల్సిన మనిషి, గూడేనికి వచ్చే ఏఎన్ఎం, ఆసుపత్రిలో డాక్టరు, పైన లెక్కలు చూసే అధికారి. అధికారికి మొత్తం అంకెలు కావాలి. ఏఎన్ఎంకి సిగ్నల్ లేని చోట కూడా పని ఆగకూడదు. మనిషికి మాత్రం ఒక్కటే: ఎప్పుడు రావాలి, ఎక్కడికి రావాలి. యాప్ ఎవరిని ముందు పెట్టుకుని కట్టారో చూస్తే, ఎవరు బయట మిగిలిపోతారో తెలిసిపోతుంది.

2016లో కేంద్రం అన్‌మోల్ తెచ్చింది. ఏఎన్ఎంలు రిజిస్టర్లలో రాసే గర్భిణుల, పిల్లల వివరాలు ట్యాబ్‌లోకి ఎక్కించడం దీని పని. ఇందులో ఒక మంచి ఆలోచన ఉంది. నెట్ లేకపోయినా వివరాలు ఎక్కించొచ్చు, సిగ్నల్ దొరికినప్పుడు అవే పైకి పోతాయి. అంటే కొండ మీద పనిచేసే మనిషి కష్టం లెక్కలోకి వచ్చింది.

2019 నవంబర్‌లో ఈ-సంజీవని మొదలైంది. పల్లెలోని హెల్త్ సెంటర్‌లో ఆరోగ్య సిబ్బంది రోగి పక్కన కూర్చుని, వీడియోలో డాక్టర్‌తో మాట్లాడిస్తారు. రోగికి ఫోన్ ఉండక్కర్లేదు, చదువు రానక్కర్లేదు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ టైంలో, ఇంటి నుంచే డాక్టర్‌తో మాట్లాడే రెండో రూపం వచ్చింది. ఇది సొంత ఫోన్ ఉన్నవాళ్ల కోసం. రెండు రకాల మనుషులకి రెండు దారులు.

తర్వాత కోవిన్. 2021 జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు ఆరోగ్య సిబ్బంది పేర్లు ముందే పైనుంచి ఎక్కించారు. మార్చి 1న 60 దాటినవాళ్లకి, జబ్బులున్న 45 దాటినవాళ్లకి తెరిచారు. జనం ప్లే స్టోర్‌లో కోవిన్ యాప్ దించుకుంటే లోపలికి పోలేకపోయారు. అది నిర్వాహకుల కోసమేనని, జనం వెబ్‌సైట్‌లో నమోదు చేసుకోవాలని ఆరోగ్య శాఖ చెప్పాల్సి వచ్చింది. ఒకే పేరు, ఇద్దరు వేరు వేరు వాడుకదారులు. గందరగోళం అక్కడే పుట్టింది.

అసలు దెబ్బ మే 1న. 18 నుంచి 44 ఏళ్ల వాళ్లకి ఆన్‌లైన్ బుకింగ్ తప్పనిసరి చేశారు. ఫోన్ ఉండాలి, ఓటీపీ రావాలి, స్లాట్ తెరిచిన నిమిషంలోనే పట్టుకోవాలి. నెట్ బాగున్న పట్నం వాళ్లు పల్లె సెంటర్లలో స్లాట్లు బుక్ చేసుకుంటున్నారని చాలా రాష్ట్రాల్లో వార్తలొచ్చాయి. టీకా మన ఊరి సెంటర్‌లో, స్లాట్ మాత్రం ఇంకొకరి ఫోన్‌లో!

మే 24న ప్రభుత్వ సెంటర్లలో ఈ వయసువాళ్లకి కూడా అక్కడికక్కడే నమోదుకి ఒప్పుకున్నారు. మే 31న జస్టిస్ చంద్రచూడ్ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం డిజిటల్ అంతరం గురించి గట్టిగా ప్రశ్నించింది. నెట్ లేనివాళ్లు మిత్రుల సాయమో, కామన్ సర్వీస్ సెంటర్ల సాయమో తీసుకోవచ్చన్న కేంద్రం జవాబు కోర్టుకి సరిపోలేదు. జూన్‌లో కోవిన్‌లో తెలుగు వచ్చింది. కోయ, గోండి, సవర, కువి రాలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. గుర్తింపు కార్డులు లేనివాళ్ల కోసం అదే మే నెలలో ఇచ్చిన నియమాల్లో "కీ ఫెసిలిటేటర్" అనే మనిషిని పెట్టారు. తన ఫోన్, తన కార్డుతో పదిమంది తరఫున నిలబడే మనిషి. ఆ మనిషి మనకి కొత్తవాడా? గూడెంలో అందరి ఓటీపీలూ చూసి చెప్పేది, అవ్వకి స్లిప్ చదివి పెట్టేది మనలాంటి చదువుకునే పిల్లలే కదా. ఆ అయిదో మనిషిని మొదటి రోజు నుంచే లెక్కలో పెట్టి ఉంటే, మే నెలలో అన్ని రోజులు పోయేవి కావు.

కాబట్టి మీ చేతికి ఏ ఆరోగ్య యాప్ వచ్చినా నాలుగు ప్రశ్నలు అడగండి. సిగ్నల్ లేకపోతే పనిచేస్తదా? ఫోన్ లేని మనిషికి దారేది? చదవలేనివాళ్లకి గొంతుతో, వాళ్ల మాటలో చెప్తదా? తోడు వచ్చినవాళ్లు వాళ్ల తరఫున చేయొచ్చా, అలా చేసినా ఆ మనిషి జబ్బు సంగతి గుట్టుగానే ఉంటదా? ఇవి కట్టకముందు అడిగితే డిజైన్ అవుతుంది. కట్టాక అడిగితే కోర్టు దాకా పోవాల్సి వస్తుంది.