మజిల్ కార్లలో వీల్ హాప్

వీల్ హాప్ అనగా మోటారు వాహనం నిలిచిన చోటు నుండి బలంగా ముందుకు దూకేటప్పుడు గాని, గట్టిగా బ్రేకు వేసినప్పుడు గాని, దాని చక్రాలు నేలను పట్టుకోవడం, వదలడం వెంటవెంటనే జరిగి గెంతుతున్నట్లు అదిరే స్థితి. తెలుగులో దీనిని చక్రాల గెంతు అని చెప్పుకోవచ్చు. 1960, 1970 దశకాలలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో తయారైన మజిల్ కార్లకు ఇది పేరుమోసిన లోపం. చక్రం జారుతూ తిరగడం వేరు, గెంతడం వేరు. జారే చక్రం వలన టైరు అరుగుతుంది. గెంతే చక్రం వలన క్రౌన్ వీల్ పళ్ళు, యాక్సిల్ షాఫ్టులు, యూనివర్సల్ జాయింట్లు విరిగిపోతాయి. కారు వెనుక భాగం పక్కకు జరిగి డ్రైవరు అదుపు తప్పే ప్రమాదమూ ఉన్నది. ఈ లోపాన్ని సవరించే పద్ధతులు చాలా ఉన్నాయి గాని, తిన్నని దారిలో గెంతును ఆపే ప్రతి పద్ధతీ మలుపులలోను, బ్రేకు వేసేటప్పుడు మేలు చేయదు. కొన్ని కీడు కూడా చేస్తాయి.

నేపథ్యం

మధ్యతరహా కారులో పెద్ద వి-8 ఇంజను అమర్చి, యువకులు కొనగలిగిన ధరకు అమ్మిన కార్లను మజిల్ కార్లు అంటారు. 1964 నమూనా సంవత్సరపు పాంటియాక్ జి.టి.ఓ.ను వీటిలో మొదటిదిగా చాలామంది పేర్కొంటారు. పాంటియాక్ టెంపెస్ట్ అనే కుటుంబ కారులో 389 ఘనపుటంగుళాల (సుమారు 6.4 లీటర్ల) ఇంజను పెట్టగా తయారైనది ఇది. దీని మామూలు ఇంజను శక్తి 325 అశ్వశక్తి. షెవ్రొలే షెవెల్ ఎస్.ఎస్., ఓల్డ్స్‌మొబీల్ 442, ప్లిమత్ రోడ్ రన్నర్ ఈ కోవలోనివే. ఫోర్డ్ మస్టాంగ్, షెవ్రొలే కమారోలను నిక్కచ్చిగా పోనీ కార్లు అనాలి గాని, పెద్ద ఇంజన్లు గల వాటి నమూనాలను మజిల్ కార్లతో కలిపి చెప్పడం వాడుక.

ఇంజను పెరిగినంతగా కారు అడుగుభాగం మారలేదు. వెనుక చక్రాలు రెండింటినీ కలుపుతూ ఒకే గట్టి హౌసింగ్, దాని మధ్య డిఫరెన్షియల్ ఉండేవి. మస్టాంగ్, కమారో, క్రైస్లర్ కంపెనీ కార్లలో ఈ హౌసింగ్‌ను కమాన్ పట్టీల మీద కూర్చోబెట్టేవారు. జనరల్ మోటార్స్ వారి జి.టి.ఓ., షెవెల్, 442 కార్లలో చుట్ట స్ప్రింగులు, హౌసింగ్‌ను పట్టి ఉంచడానికి కింద రెండు, పైన రెండు చొప్పున నాలుగు కడ్డీలు ఉండేవి. మన దేశంలో 2014 వరకు తయారైన అంబాసిడర్ కారుకు కూడా వెనుక కమాన్ పట్టీలు, గట్టి యాక్సిల్ ఉండేవి. అమరిక ఒకటే అయినా, కమాన్‌ను మెలిపెట్టగల శక్తి ఆ కారు ఇంజనుకు లేదు.

గెంతు ఎలా పుడుతుంది

ఇంజను నుండి వచ్చే తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, గేరుపెట్టె ఒకసారి, డిఫరెన్షియల్ మరొకసారి హెచ్చిస్తాయి. ఇంజను టార్క్ 580 న్యూటన్ మీటర్లు, మొదటి గేరు నిష్పత్తి 2.5, డిఫరెన్షియల్ నిష్పత్తి 3.5 అనుకుంటే, ఘర్షణ నష్టాలను లెక్కలోనికి తీసుకోకుండా, వెనుక చక్రాలకు అందేది 5,075 న్యూటన్ మీటర్లు. న్యూటన్ మూడవ నియమం ప్రకారం చక్రాలు ముందుకు తిరుగుతుంటే హౌసింగ్ అంతే బలంతో వెనుకకు తిరగడానికి ప్రయత్నిస్తుంది. అంటే పినియన్ ఉన్న దాని ముక్కు పైకి లేస్తుంది. దానిని ఆపవలసినది కమాన్ పట్టీలే. కారు బరువును మోయడానికి చేసిన పట్టీలు ఈ మెలికను తట్టుకోలేక ముందు సగం పైకి, వెనుక సగం కిందికి వంగి పాము వంపు తిరుగుతాయి.

ఇంతవరకు జరిగితే గెంతు ఉండదు. టైరు నేలను పట్టి ఉన్నంతసేపు పట్టీలలో శక్తి నిల్వ అవుతూ ఉంటుంది. నిలకడ దాటిన క్షణంలో టైరు జారుతుంది. జారే టైరుకు నేలతో ఉండే గతిక ఘర్షణ, జారని టైరుకు ఉండే స్థైతిక ఘర్షణ కన్నా తక్కువ. కనుక హౌసింగ్ మీది బలం ఒక్కసారిగా తగ్గి, మెలిపడిన పట్టీలు విడివడి దానిని వెనుకకు కొడతాయి. ఆ కుదుపులో టైరు తిరిగి నేలను పట్టుకొంటుంది, పట్టీలు మళ్ళీ మెలిపడతాయి. హౌసింగ్, చక్రాల బరువు, పట్టీల బిగువు, టైరులోని సాగుదల కలిసి ఈ వ్యవస్థకు ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. అది సెకనుకు సుమారు పది పర్యాయాలకు అటూ ఇటూగా ఉంటుంది. పట్టు, జారుడు ఆ లయలో పడినప్పుడు అనునాదం ఏర్పడి ప్రతి గెంతూ ముందు దానికన్నా పెద్దదవుతుంది. వయొలిన్ తీగ మీద కమాను పట్టుకొంటూ జారుతూ నాదం పుట్టించేది కూడా ఇదే సూత్రం మీద. రెండింటికీ తెలుగులో కమాను అనే పేరు కుదరడం కాకతాళీయమే.

దీనికి తోడు మరొక బలం ఉన్నది. ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరుగుడు వలన హౌసింగ్ ఎడమ వైపు నేలకు అదుముకొని, కుడి వైపు తేలిపోతుంది. అందుచేత సాధారణంగా కుడి చక్రం ముందు జారుతుంది.

బ్రేకు వేసినప్పుడు, లేదా వేగంలో ఉండగా ఒక్కసారి తక్కువ గేరులోనికి దించినప్పుడు ఇదంతా తలకిందులుగా జరుగుతుంది. హౌసింగ్ ముక్కు కిందికి వంగుతుంది. మలుపులోనికి ప్రవేశించే ముందు వచ్చే ఈ గెంతు బయలుదేరేటప్పటి గెంతు కన్నా అపాయకరమైనది.

తయారీదారుల ప్రయత్నాలు

1967 నమూనా కమారోకు ఒక్కొక్క పక్క ఒకే ఒక పట్టీ గల కమాను పెట్టారు. చిన్న ఇంజన్లకు ఇది సరిపోయినది గాని, పెద్ద ఇంజన్లతో కారు దారుణంగా గెంతేది. శక్తిమంతమైన కొన్ని నమూనాలకు కుడివైపు ఒక అడ్డుకడ్డీని తగిలించి సరిపెట్టారు. 1968లో అటువంటి నమూనాలకు అనేక పట్టీల కమాన్ కట్టలు వచ్చాయి. అదే సంవత్సరం షాక్ అబ్జార్బర్ల స్థానాలు కూడా మార్చారు. అంతకుముందు రెండూ యాక్సిల్‌కు ఒకే వైపున ఉండేవి. ఇప్పుడు ఒకటి యాక్సిల్‌కు ముందు, మరొకటి వెనుక అమర్చారు. హౌసింగ్ మెలి తిరిగినప్పుడు ఒక షాక్ నొక్కుకొంటే రెండవది సాగుతుంది కనుక, రెండూ కలిసి ఆ తిరుగుడును అణచగలవు. ఖర్చు లేని ఈ మార్పు ఆనాటి పరిష్కారాలన్నింటిలోకి తెలివైనదని చెప్పవచ్చు. ఫోర్డ్ కంపెనీ కూడా 1968 మధ్యలో వచ్చిన 428 కోబ్రా జెట్ మస్టాంగ్‌లో, నాలుగు గేర్ల మాన్యువల్ గేరుపెట్టె గల కార్లకు ఇదే పద్ధతిని అనుసరించినది.

క్రైస్లర్ వారి మార్గం వేరు. వారు యాక్సిల్‌ను కమాను నడిమధ్యన కాక ముందుకు జరిపి బిగించారు. దానితో ముందు భాగం పొట్టిగా, బిగువుగా మారి దాదాపు ఒక మీటకోల వలె పనిచేస్తుంది. హౌసింగ్ తిరగబోతే ఆ భాగం వంగకుండా కారు శరీరాన్ని పైకి ఎత్తి, టైరును కిందికి అదుముతుంది. సూపర్ స్టాక్ అనే పేరుతో డ్రాగ్ పందేలకు తయారుచేసిన కమాన్ కట్టలలో కుడివైపు దానిని మరింత బిగువుగా చేశారు. పైన చెప్పిన కుడి చక్రపు తేలికదనానికి ఇది విరుగుడు. పినియన్ ముక్కు పైన ఒక రబ్బరు దిమ్మె పెట్టి, అది లేచినప్పుడు కారు అడుగు రేకుకు ఆనుకొనేటట్లు చేయడం కూడా క్రైస్లర్ కార్లలో కనిపిస్తుంది.

1965 నాటి షెల్బీ జి.టి.350 రోడ్డు పందేలను దృష్టిలో పెట్టుకొని మస్టాంగ్ నుండి రూపొందించినది. అందులో యాక్సిల్ పైనుండి కారు శరీరానికి పొడవైన ట్రాక్షన్ బార్లు బిగించారు. ఇవి ముందుకు, వెనుకకు రెండు వైపులా తిరుగుడును ఆపుతాయి కనుక బ్రేకు గెంతుకు కూడా ఉపయోగపడతాయి.

తరువాత అమర్చుకొనే భాగాలు

అమెరికాలో పాత కార్లను పునరుద్ధరించేవారు, డ్రాగ్ పందేలలో పాల్గొనేవారు వాడే భాగాలలో చవకైనది స్లాపర్ బార్. కమాను కింద బిగించిన గట్టి కడ్డీ చివర రబ్బరు దిమ్మె ఉంటుంది. హౌసింగ్ తిరగగానే ఆ దిమ్మె కమాను ముందు కన్నుకు కింది నుండి తగిలి తిరుగుడును ఆపుతుంది. అయితే బ్రేకు వేసినప్పుడు కడ్డీ కమానుకు దూరంగా జరుగుతుంది కనుక అప్పుడు దాని ప్రయోజనం శూన్యం. కాల్‌ట్రాక్స్ అనే మరో రకం అమరికలో కడ్డీ ముందు చివర ఒక త్రిభుజాకారపు మీట ఉంటుంది. హౌసింగ్ అడుగుభాగం ముందుకు తోసినప్పుడు ఆ మీట తిరిగి కమాను ముందు భాగాన్ని పై నుండి నొక్కి వంగనీయదు.

నాలుగు కడ్డీల కార్లలో లెక్క జ్యామితికి సంబంధించినది. పక్క నుండి చూసి పై కడ్డీ రేఖను, కింది కడ్డీ రేఖను ముందుకు పొడిగిస్తే అవి కారు మధ్యలో ఎక్కడో ఒక ఊహాబిందువు వద్ద కలుస్తాయి. దీనిని తక్షణ కేంద్రం అంటారు. వెనుక చక్రాల తోపు ఆ బిందువు వద్ద కారు శరీరాన్ని తాకుతున్నట్లు భావించవచ్చు. బిందువు చక్రాలకు దగ్గరగా, ఎత్తుగా ఉన్నకొద్దీ శరీరం పైకి లేచి టైర్లు నేలకు అదుముకొంటాయి. పై కడ్డీల వెనుక చివరను హౌసింగ్ మీద మరికొంత ఎత్తున బిగించే నో-హాప్ బార్లు చేసే పని ఇదే. మోతాదు మించితే మాత్రం బ్రేకు వేసినప్పుడు అదే జ్యామితి టైర్లను నేల నుండి పైకి లాగి కొత్త గెంతును తెచ్చిపెడుతుంది. డ్రాగ్ పందెం పావు మైలు, అంటే సుమారు 402 మీటర్ల తిన్నని దారి. అక్కడ ఈ దోషం పెద్దగా బయటపడదు. రోజూ రోడ్డు మీద తిరిగే కారుకు ఇది ప్రాణాపాయం.

ఏ కొత్త భాగమూ కొనకముందు పాతవాటిని పరిశీలించడం అవసరం. అరిగిన బుష్‌లు, నూనె కారిన షాక్ అబ్జార్బర్లు, కమానును యాక్సిల్‌కు బిగించే యు-బోల్టుల వదులు, విరిగిన పట్టీలు వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గెంతు వస్తుంది. అరవై ఏళ్ళ నాటి కారులో ఇవన్నీ కలిసి ఉండడం అరుదేమీ కాదు. పక్క గోడలు మరీ మెత్తగా ఉన్న టైర్లు కూడా స్ప్రింగుల వలె పనిచేసి గెంతుకు దోహదం చేస్తాయి.

మలుపులలో ప్రవర్తన

మలుపులో కారు బయటి వైపుకు ఒరుగుతుంది. కమాన్ పట్టీలు పక్కవాటు బలానికి కూడా కొంత సాగుతాయి కనుక యాక్సిల్ శరీరం కింద అటూ ఇటూ జరుగుతుంది. దీనిని అరికట్టడానికి పన్‌హార్డ్ రాడ్ వాడతారు. ఇది యాక్సిల్ ఒక చివరను శరీరం రెండవ పక్కకు కలిపే అడ్డుకడ్డీ. కడ్డీ చివర వృత్తఖండంలో కదులుతుంది కనుక చక్రాలు పైకి కిందికి ఆడినప్పుడు యాక్సిల్ కొద్దిగా పక్కకు జరగక తప్పదు. ఆవిరి యంత్రం కోసం జేమ్స్ వాట్ 1784లో పేటెంటు పొందిన సమాంతర చలన యంత్రాంగపు సూత్రం మీద పనిచేసే వాట్స్ లింకేజి ఈ దోషాన్ని దాదాపు తొలగిస్తుంది. అది ఖరీదైనది, ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది.

వెనుక యాంటీ రోల్ బార్ వలన ఒరుగుడు తగ్గుతుంది. ముందు బరువైన ఇంజను గల ఈ కార్లు మలుపులో స్టీరింగ్ తిప్పినంతగా తిరగక వెలుపలికి పోయే గుణం కలవి. వెనుక బార్ ఆ గుణాన్ని తగ్గిస్తుంది. 1964లో వచ్చిన ఓల్డ్స్‌మొబీల్ 442లో ఇటువంటి బార్ ఉండడం ఆ కాలానికి విశేషమే. బార్ మరీ లావైతే వెనుక భాగం ముందుగా జారి కారు చుట్టు తిరుగుతుంది.

నాలుగు కడ్డీల అమరికలో తరచు జరిగే పొరపాటు ఒకటి ఉన్నది. పై కడ్డీలు ఏటవాలుగా ఉంటాయి కనుక కారు ఒరిగినప్పుడు వాటి బుష్‌లు మెలిపడవలసి ఉంటుంది. మెత్తని రబ్బరు ఆ మెలికను భరిస్తుంది. గెంతు తగ్గుతుందని అన్ని బుష్‌లనూ గట్టి పాలీయురెథేన్‌తో మారిస్తే కడ్డీలు బిగుసుకుపోతాయి. కారు కొంతవరకు చక్కగా తిరిగి, హఠాత్తుగా వెనుక పట్టు తప్పుతుంది. కింది కడ్డీలను మాత్రమే దృఢపరచి, పై వాటికి రబ్బరును లేదా గోళాకారపు కీళ్ళను వాడడం మేలు.

తరువాతి కాలపు మార్పులు

1979లో మస్టాంగ్ కమాన్ పట్టీలను వదలి నాలుగు కడ్డీలకు మారినది. అయినా గెంతు పోలేదు. 1980ల మధ్యలో శక్తిమంతమైన నమూనాలకు మామూలు షాకులతో పాటు అడ్డంగా పడుకొని ఉండే మరో రెండింటిని చేర్చవలసి వచ్చినది. 1982 కమారోలో డిఫరెన్షియల్ నుండి గేరుపెట్టె వరకు సాగే టార్క్ ఆర్మ్ అనే పొడవైన కడ్డీ, పన్‌హార్డ్ రాడ్ వచ్చాయి. మెలిక బలాన్ని పొడవైన మీట మీదుగా ముందుకు తీసుకుపోయే ఈ అమరిక 2002 వరకు ఆ కారులో కొనసాగినది.

రెండు చక్రాలకు వేరువేరు కదలిక గల స్వతంత్ర సస్పెన్షన్‌తో ఈ సమస్య తీరుతుందనుకోవడం సరికాదు. 390 అశ్వశక్తి గల సూపర్‌ఛార్జర్ ఇంజనుతో 2003లో వచ్చిన మస్టాంగ్ ఎస్.వి.టి. కోబ్రాకు స్వతంత్ర సస్పెన్షన్ ఉన్నా, గెంతుకు అది పేరుపడినది. డ్రాగ్ పందేలకు వెళ్ళే యజమానులు కొందరు దానిని తీసివేసి పాత పద్ధతి గట్టి యాక్సిల్ పెట్టుకున్నారు. ఇక్కడ మెలిపడేవి కమాన్లు కావు. డిఫరెన్షియల్‌ను మోసే చట్రం కింది రబ్బరు బుష్‌లు, చక్రాలకు పోయే షాఫ్టులు. రెండు షాఫ్టులూ సమాన దృఢత్వం కలిగి ఉంటే రెండు చక్రాలూ ఒకే లయలో అదురుతాయి. అందుచేత 2009 క్యాడిలాక్ సి.టి.ఎస్.-వి, 2012 కమారో జడ్.ఎల్.1 కార్లలో కుడి, ఎడమ షాఫ్టులను వేరువేరు దృఢత్వాలతో చేశారు. ఒకదాని అదురు రెండవదానితో కలవదు. మస్టాంగ్ శ్రేణి మొత్తానికి స్వతంత్ర వెనుక సస్పెన్షన్ 2015 నమూనాతో వచ్చినది.