నీ-ఒలెసుండ్

నీ-ఒలెసుండ్ ఆర్కిటిక్ మహాసముద్రంలోని స్వాల్బార్డ్ ద్వీపసమూహానికి చెందిన ఒక పరిశోధనా గ్రామము. ఇది నార్వే దేశపు పాలనలో ఉన్నది. స్పిట్స్‌బర్గెన్ ద్వీపపు పశ్చిమ తీరంలో, కాంగ్స్‌ఫియోర్డెన్ అనే సముద్రపు పాయ దక్షిణపు ఒడ్డున, 78°55' ఉత్తర అక్షాంశం వద్ద ఉంది. ఉత్తర ధ్రువానికి దీని దూరం సుమారు 1,230 కిలోమీటర్లు. పెద్దపల్లి జిల్లాలో గోదావరి తీరాన ఉన్న మంథనికంటే ఇది దాదాపు 60 డిగ్రీలు ఉత్తరంగా ఉన్నది. ఇక్కడ శీతాకాలంలో సుమారు 30 నుండి 40 మంది మాత్రమే నివసిస్తారు. వేసవిలో శాస్త్రజ్ఞుల రాకతో జనసంఖ్య 100 దాటుతుంది. భారతదేశపు ఆర్కిటిక్ పరిశోధనా కేంద్రమైన హిమాద్రి ఈ గ్రామంలోనే ఉంది.

చరిత్ర

ఈ గ్రామము బొగ్గు గనులతో పుట్టింది. నార్వేలోని ఒలెసుండ్ పట్టణానికి చెందిన పెట్టుబడిదారులు 1916లో కింగ్స్ బే అనే బొగ్గు కంపెనీని స్థాపించారు. వారి పట్టణం పేరు మీదుగానే దీనికి "కొత్త ఒలెసుండ్" అనే అర్థం వచ్చే పేరు ఏర్పడింది. మంథని సమీపంలోని రామగుండం ప్రాంతంలో సింగరేణి సంస్థ తవ్వే బొగ్గు పెర్మియన్ యుగానికి చెందిన గోండ్వానా శిలలలోనిది. నీ-ఒలెసుండ్ బొగ్గు అంతకంటే ఎంతో తరువాతిది. రాక్షస బల్లులు అంతరించిన పిమ్మట పేలియోసీన్ యుగంలో ఏర్పడినది. నేడు చెట్టు అన్నదే లేని ఈ ద్వీపంలో ఒకప్పుడు అడవులు ఉండేవని ఈ బొగ్గే సాక్ష్యం చెబుతుంది.

ఇక్కడి గనులలో పలుమార్లు ప్రమాదాలు జరిగాయి. 1962 నవంబరు 5న జరిగిన పేలుడులో 21 మంది కార్మికులు మరణించారు. గని భద్రత విషయంలో ప్రభుత్వం నిర్లక్ష్యం వహించిందన్న విమర్శలు నార్వే పార్లమెంటును కుదిపివేశాయి. 1963 ఆగస్టులో అవిశ్వాస తీర్మానం నెగ్గడంతో ప్రధానమంత్రి ఐనార్ గెర్హార్డ్‌సన్ ప్రభుత్వం పడిపోయింది. ప్రమాదం తరువాత ఇక్కడ బొగ్గు తవ్వకం మళ్ళీ మొదలు కాలేదు. గ్రామాన్ని క్రమంగా శాస్త్ర పరిశోధనకు కేటాయించారు. బొగ్గును మోసిన పాత రైలు ఇంజను నేటికీ గ్రామంలో భద్రంగా ఉంది.

ధ్రువ యాత్రల చరిత్రలోనూ ఈ గ్రామానికి స్థానం ఉన్నది. 1926 మే 11న రోల్డ్ అముండ్‌సెన్, లింకన్ ఎల్స్‌వర్త్, ఉంబెర్టో నోబిలె బృందం "నార్జ్" అనే వాయునౌకలో ఇక్కడి నుండే బయలుదేరి, ఉత్తర ధ్రువం మీదుగా ప్రయాణించి అలాస్కా చేరింది. ఆ వాయునౌకను కట్టిన స్తంభం గ్రామం చివర ఇప్పటికీ కనిపిస్తుంది. 1928లో నోబిలె నడిపిన "ఇటాలియా" వాయునౌక కూలిపోగా, అతడిని వెదకడానికి విమానంలో బయలుదేరిన అముండ్‌సెన్ తిరిగి రాలేదు.

ప్రయాణం

భారతదేశం నుండి వెళ్ళేవారు ముందుగా నార్వే రాజధాని ఓస్లో చేరుకొని, అక్కడి నుండి విమానంలో స్వాల్బార్డ్ ముఖ్యపట్టణమైన లాంగియర్‌బ్యెన్ చేరుకోవాలి. లాంగియర్‌బ్యెన్ నుండి నీ-ఒలెసుండ్‌కు రోడ్డు మార్గం లేదు. చిన్న విమానంలో సుమారు అరగంటలో చేరవచ్చు. వేసవిలో ఓడలు కూడా వస్తాయి. 1920 ఫిబ్రవరి 9న కుదిరిన స్వాల్బార్డ్ ఒప్పందం ప్రకారం సభ్య దేశాల పౌరులందరికీ ఈ దీవులపై ప్రవేశ హక్కు ఉన్నది. నాటి బ్రిటిష్ ఇండియా కూడా ఆ ఒప్పందంలో చేరింది. అందువలన స్వాల్బార్డ్‌లో అడుగుపెట్టడానికి వీసా అవసరం లేదు. కాని దారిలో నార్వే ప్రధాన భూభాగాన్ని దాటవలసి ఉన్నందున భారతీయులకు షెంజెన్ వీసా కావాలి. తిరుగు ప్రయాణంలో మళ్ళీ నార్వేలో ప్రవేశించాలి కనుక, ఆ వీసా రెండుసార్లు ప్రవేశానికి అనుమతించేదై ఉండాలి.

నివాస నియమాలు

గ్రామంలోని భవనాలు, భోజనశాల, విద్యుత్తు, ఓడరేవు అన్నింటినీ నార్వే ప్రభుత్వ సంస్థ అయిన కింగ్స్ బే నిర్వహిస్తుంది. అన్ని దేశాలవారూ ఒకే భోజనశాలలో తింటారు. ఇక్కడికి వచ్చేవారు పాటించవలసిన ముఖ్య నియమాలు ఇవి:

* గ్రామం చుట్టూ 20 కిలోమీటర్ల మేర రేడియో నిశ్శబ్దం అమలులో ఉంది. వై-ఫై, బ్లూటూత్ వాడరాదు. సుదూర గెలాక్సీల కేంద్రాల నుండి వచ్చే అతి బలహీనమైన రేడియో తరంగాలను గ్రహించే ఆంటెన్నాలు ఇక్కడ ఉండటమే దీనికి కారణం. భూమి చలనాలను మిల్లీమీటర్లలో కొలవడానికి ఈ తరంగాలు తోడ్పడతాయి.
* ధ్రువపు ఎలుగుబంట్లు ఎప్పుడైనా రావచ్చు. గ్రామం దాటి వెళ్ళేవారి వద్ద తుపాకి, ఎలుగును బెదరగొట్టే సిగ్నల్ పిస్తోలు ఉండాలి. పరిశోధకులకు తుపాకి వాడకంలో శిక్షణ ఇస్తారు. ఆపదలో ఎవరైనా లోపలికి పరుగెత్తడానికి వీలుగా ఇళ్ళ తలుపులకు తాళాలు వేయరు.
* పర్యాటకులు రోడ్డు దిగి నడవరాదు. వేసవిలో నేలపై గూళ్ళు కట్టుకునే పక్షులకు, సున్నితమైన నాచుమొక్కలకు హాని కలగకుండా ఈ నియమం పెట్టారు.

ఏప్రిల్ మూడవ వారం నుండి ఆగస్టు చివరి వారం వరకు ఇక్కడ సూర్యుడు అస్తమించడు. అక్టోబరు చివరి వారం నుండి ఫిబ్రవరి మూడవ వారం వరకు ఉదయించడు.

హిమాద్రి కేంద్రము

భారతదేశపు తొలి ఆర్కిటిక్ యాత్ర 2007 ఆగస్టులో రసిక్ రవీంద్ర నాయకత్వంలో జరిగింది. 2008 జూలై 1న హిమాద్రి కేంద్రము ప్రారంభమయ్యింది. దీనిని గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధనా కేంద్రము నిర్వహిస్తుంది. ఇందులో సాధారణంగా ఎనిమిది మంది ఉండవచ్చు. 2016లో గ్రువెబాడెట్ అనే భవనంలో భారతదేశపు వాతావరణ ప్రయోగశాల ఏర్పడింది. ఈ భవనం పూర్వం గని కార్మికుల స్నానశాల. 2023 డిసెంబరులో భారతదేశపు తొలి శీతాకాల యాత్ర మొదలయ్యింది. అంతకు ముందు భారతీయ బృందాలు ప్రధానంగా వేసవి మాసాలలోనే పనిచేసేవి.

ఈ పరిశోధనలలో హైదరాబాదు సంస్థలకు కూడా భాగమున్నది. సీసీఎంబీ శాస్త్రజ్ఞులు ఇక్కడి మట్టి నుండి వేరుచేసిన ఒక కొత్త బాక్టీరియాకు 2013లో ఆర్కిటిసిబాక్టర్ స్వాల్బార్డెన్సిస్ అని పేరు పెట్టారు. 2014 జూలైలో కాంగ్స్‌ఫియోర్డెన్‌లో సుమారు 190 మీటర్ల లోతైన చోట "ఇండార్క్" అనే పరికర వ్యవస్థను ముంచి నిలిపారు. నీటి ఉష్ణోగ్రత, లవణీయత, ప్రవాహాలను ఎడతెగకుండా కొలిచే ఈ వ్యవస్థ రూపకల్పనలో చెన్నై, గోవా సంస్థలతో పాటు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ పాలుపంచుకున్నది.

వాతావరణ మార్పులు - ప్రాముఖ్యత

1979 తరువాత ఆర్కిటిక్ ప్రాంతం ప్రపంచ సగటుకు దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కిందని 2022లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. నీ-ఒలెసుండ్ పరిసరాలలోని హిమానీనదాల మంచును 1960ల చివరి నుండి ఏటేటా కొలుస్తున్నారు; మొత్తం మీద అవి తరిగిపోతున్నాయి. ఒకప్పుడు శీతాకాలంలో గడ్డకట్టే కాంగ్స్‌ఫియోర్డెన్, 2006 నుండి చాలా సంవత్సరాలలో తెరచిన నీటితోనే ఉంటున్నది.

ఈ మార్పులకు, రుతుపవనాలకు గల సంబంధాన్ని తెలుసుకోవడమే ఇక్కడ భారతీయ పరిశోధనల ముఖ్య ఉద్దేశాలలో ఒకటి. ఆర్కిటిక్‌లోని కారా సముద్రంలో వేసవి మంచు తగ్గడానికి, సెప్టెంబరులో మధ్య భారతదేశంలో కురిసే అతి భారీ వర్షాలకు సంబంధం ఉండవచ్చునని 2021లో భారతీయ శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. సెప్టెంబరు వర్షం పూతకు, కాయకు వచ్చిన పత్తికి, పొట్టకు వచ్చిన వరికి కీలకమైనది. గోదావరికి వచ్చే ఏదో ఒక వరదకు ఆర్కిటిక్ మంచే కారణమని దీనిని బట్టి చెప్పలేము. అయితే వానల రాకను ముందుగా అంచనా కట్టాలంటే ఆర్కిటిక్ కొలతలు దీర్ఘకాలం పాటు కావాలి. ఆ కొలతలు సేకరించే చోట్లలో నీ-ఒలెసుండ్ ఒకటి.