లాకింగ్ హబ్‌లు, ముందు డిఫరెన్షియల్: సైబరాబాద్ ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో వాడకం

లాకింగ్ హబ్ అనేది ఫోర్ వీల్ డ్రైవ్ వాహనం ముందు చక్రాల మధ్య భాగంలో ఉండే యంత్రభాగం. అవసరమైనప్పుడు చక్రాన్ని ఇరుసుతో కలుపుతుంది, అవసరం తీరాక విడదీస్తుంది. రెండు ముందు చక్రాల ఇరుసుల నడుమ ఉండి, ఇంజిన్ శక్తిని కుడి ఎడమ చక్రాలకు పంచే గేర్ల పెట్టె ముందు డిఫరెన్షియల్. జీపులు, పికప్ ట్రక్కులు, నిచ్చెన ఛాసిస్ మీద కట్టిన ఎస్‌యూవీలు బురదలో దిగబడకుండా ముందుకు కదలడం ఈ రెండింటి పనితీరు మీదే ఆధారపడి ఉంటుంది.

సైబరాబాద్‌గా పిలిచే హైదరాబాద్ హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల్లో ఇలాంటి బండ్లు వారమంతా తారు, కాంక్రీటు రోడ్ల మీదే తిరుగుతాయి. సెలవు రోజున వికారాబాద్ కొండదారులకో, సొంతూరి పొలానికో పోతాయి. ఒకే బండి ఈ రెండు రకాల నేలల మీదా పాడవకుండా నడవాలంటే ఫోర్ వీల్ డ్రైవ్ ఎప్పుడు వేయాలో తెలిస్తే చాలదు, ఎప్పుడు వేయకూడదో కూడా తెలియాలి. బండికి ఎక్కువ నష్టం జరిగేది బురదలో కాదు, గట్టి రోడ్డు మీద అనవసరంగా నాలుగు చక్రాలనూ కలిపి నడిపినప్పుడే.

చరిత్ర

డిఫరెన్షియల్ మోటారు కారు కన్నా పాతది. ఫ్రాన్స్ దేశస్థుడు ఒనెసిఫోర్ పెక్కర్ 1820ల చివర్లోనే ఆవిరి బండి కోసం దీన్ని రూపొందించాడు. లాకింగ్ హబ్ చాలా తర్వాత వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన విల్లీస్ జీపుల్లో ముందు ఇరుసు ఎప్పుడూ చక్రాలతో పాటు తిరుగుతూనే ఉండేది. యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న జీపులను జనం కొని మామూలు రోడ్ల మీద తిప్పడం మొదలుపెట్టారు. అక్కడ ఆ వృథా తిరుగుడు మోతను, అరుగుదలను పెంచేది. దీనికి పరిష్కారంగా అమెరికాలోని సియాటిల్‌లో ఆర్థర్ వార్న్ 1948లో స్థాపించిన సంస్థ లాకింగ్ హబ్‌లు తయారుచేసింది. తర్వాత విన్చ్‌లకు పేరుపడ్డ వార్న్ సంస్థ ఇదే.

మన దేశంలో మహీంద్రా 1947లో విల్లీస్ జీపుల కూర్పు ప్రారంభించింది. 1985లో వచ్చిన మారుతి జిప్సీ సైన్యం, పోలీసు, అటవీ శాఖల బండిగా దశాబ్దాల పాటు నిలిచింది. దాని ముందు చక్రాల మధ్యన ఉండే ఫ్రీ వీలింగ్ హబ్‌ల ద్వారానే చాలామంది డ్రైవర్లకు ఈ ఏర్పాటు పరిచయమైంది.

నిర్మాణం, పనితీరు

పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో గేర్‌బాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటుంది. దాని మీట 2హెచ్ స్థానంలో ఉంటే శక్తి వెనక ఇరుసుకే అందుతుంది. 4హెచ్‌లో ముందు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టులు రెండూ కలిసిపోయి ఒకే వేగంతో తిరుగుతాయి. 4ఎల్‌లో కూడా అంతే, కాకపోతే వేగం తగ్గి లాగుడు పెరుగుతుంది.

ముందు షాఫ్టు శక్తి క్రౌన్ వీల్, పినియన్ల ద్వారా డిఫరెన్షియల్‌కు, అక్కడి నుంచి రెండు ఇరుసులకు, చివరికి హబ్‌కు చేరుతుంది. హబ్ లోపల పళ్లున్న జారుడు రింగు ఒకటి ఉంటుంది. లాక్ స్థానంలో అది ఇరుసు పళ్లనూ చక్రం పళ్లనూ ఒకేసారి పట్టుకుంటుంది. ఫ్రీ స్థానంలో వెనక్కి జరిగిపోతుంది. అప్పుడు చక్రం తన బేరింగుల మీద తాను తిరుగుతుంది. ఇరుసు, క్రౌన్ వీల్, ముందు ప్రొపెల్లర్ షాఫ్టు కదలకుండా ఉంటాయి. దీంతో అరుగుదల, మోత, అదురు తగ్గుతాయి, ఇంధనం కూడా కొంత మిగులుతుంది.

రెండు హబ్‌లూ ఎప్పుడూ ఒకే స్థానంలో ఉండాలి. ఒకటి లాక్‌లో, మరొకటి ఫ్రీలో ఉంటే ముందు ఇరుసు పూర్తిగా పనికిరాకుండా పోతుంది. తక్కువ అడ్డంకి ఉన్న వైపుకు తిరుగుడును వదిలేయడం సాధారణ డిఫరెన్షియల్ గుణం. ఫ్రీగా ఉన్న వైపు ఇరుసుకు అసలు అడ్డంకే లేదు కాబట్టి అది ఉత్తినే తిరుగుతుంది, లాక్ చేసిన చక్రం కదలదు. 4హెచ్ దీపం వెలిగినా ముందు చక్రాలు లాగడం లేదంటే మొదట చూడాల్సింది హబ్‌లనే.

హబ్‌ల రకాలు

చేత్తో తిప్పేవి: చక్రం మధ్యలోని బిళ్లను తిప్పి లాక్ లేదా ఫ్రీ చేస్తారు. దిగి తిప్పాలన్న శ్రమ తప్ప వీటికి పెద్ద లోపం లేదు. లాక్ అయిందో లేదో కంటితో చూసి తెలుసుకోవచ్చు.

వాటంతట అవే పడేవి: ఇరుసు తిరగడం మొదలవగానే లోపలి క్యామ్ రింగును నెట్టి లాక్ చేస్తుంది. ఈ రకం హబ్‌లున్న చాలా బండ్లలో 2హెచ్‌కు మార్చి కొద్ది దూరం తిన్నగా రివర్సు చేస్తే లాక్ విడిపోతుంది.

వ్యాక్యూమ్‌తో పనిచేసేవి: సన్నని గొట్టాల ద్వారా అందే గాలి పీడనంలోని తేడా రింగును జరుపుతుంది. 2023 జూన్‌లో మన మార్కెట్లోకి వచ్చిన మారుతి జిమ్నీలో ఇలాంటివే ఉన్నాయి. 100 కిలోమీటర్ల వేగం మించకుండా, తిన్నగా పోతున్నప్పుడు 2హెచ్ నుంచి 4హెచ్‌కు మార్చుకోవచ్చు. 4ఎల్‌కు మాత్రం బండి ఆపాల్సిందే. ఈ రకంలో గొట్టం పగిలినా, సీలు ఎండిపోయినా హబ్ పట్టుకోదు.

కొన్ని బండ్లలో హబ్‌ల బదులు డిఫరెన్షియల్ పక్కనే ఇరుసును విడదీసే ఏర్పాటు ఉంటుంది. టయోటా హైలక్స్, 2018 మోడల్ నుంచి వచ్చిన జీప్ రాంగ్లర్ ఈ పద్ధతివే. ఇక్కడ చక్రం దగ్గర తిప్పడానికి బిళ్ల ఏమీ కనిపించదు.

ముందు డిఫరెన్షియల్ లాక్

సాధారణ డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన బలాన్నే ఇస్తుంది. ఒక చక్రం బురదలో జారితే దానికి ఎంత కొద్ది బలం సరిపోతుందో, గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే అందుతుంది. అందుకే ఫోర్ వీల్ డ్రైవ్ వేసినా ముందు ఒక చక్రం, వెనక ఒక చక్రం గాల్లోకి లేస్తే బండి ఆగిపోతుంది. లాక్ వేస్తే రెండు ఇరుసులూ ఒకే కడ్డీలా తిరుగుతాయి, పట్టు దొరికిన చక్రానికి బలమంతా పోతుంది.

తెలుగు రైతులకు డిఫరెన్షియల్ లాక్ కొత్త కాదు. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు ఒక చక్రం ఊబిలో జారితే కాలితో పెడల్ తొక్కి వెనక లాక్ వేయడం, మలుపుకు ముందే వదిలేయడం వాళ్లకు అలవాటైన పని. హైదరాబాద్‌కు పడమట, ముంబయి హైవే మీదున్న జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం ఉంది. 2023 ఆగస్టులో విడుదలైన ఫోర్ వీల్ డ్రైవ్ ఓజా ట్రాక్టర్లు అక్కడే తయారవుతాయి.

ముందు లాక్ విషయంలో రైతు పాటించే ఆ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. ముందు చక్రాలే బండిని తిప్పాలి. అవి రెండూ ఒకే వేగంతో తిరగాలని పట్టుబడితే స్టీరింగు బిగుసుకుపోతుంది. చక్రాలను బాగా మలిపి యాక్సిలరేటర్ తొక్కితే ఇరుసు చివరనున్న జాయింటు విరగవచ్చు. ఈ కారణంగానే చాలా కంపెనీలు వెనక మాత్రమే లాక్ ఇస్తాయి. 2020 అక్టోబరు 2న వచ్చిన మహీంద్రా థార్‌లో వెనక డిఫరెన్షియల్ దానంతట అదే లాక్ అయ్యే ఏర్పాటు కొన్ని రకాలకు ఉంది. ముందు వైపు జారుతున్న చక్రానికి బ్రేకు పడి రెండో చక్రానికి బలం మళ్లుతుంది. ఫోర్స్ గూర్ఖాలో ముందు, వెనక రెండు చోట్లా డ్రైవరు వేసుకునే లాక్‌లున్నాయి.

గట్టి రోడ్డు మీద ఎందుకు వేయకూడదు

మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా పెద్ద వలయంలో పోతాయి. మాదాపూర్‌లోని ఏదైనా ఆఫీసు సెల్లారు పార్కింగులో థార్‌ను 180 డిగ్రీలు తిప్పారనుకుందాం. దాని వీల్‌బేస్ 2450 మిల్లీమీటర్లు. వెనక ఇరుసు మధ్యభాగం 5 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే సుమారు 15.7 మీటర్లు పోతుంది. ముందు ఇరుసు మధ్యభాగం సుమారు 17.5 మీటర్లు పోవాలి. తేడా 1.8 మీటర్లు, అంటే దాదాపు ముప్పావు చక్రం చుట్టు. 2హెచ్‌లో ఈ తేడా వల్ల ఏ ఇబ్బందీ లేదు. 4హెచ్‌లో రెండు షాఫ్టులూ కలిసే ఉంటాయి కనుక ఆ తేడా ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి. మట్టి మీద టైరు కాస్త జారి సర్దుకుంటుంది. పొడి కాంక్రీటు మీద టైరు జారదు. బలం షాఫ్టుల్లో, గేర్లలో మెలిపడి నిలిచిపోతుంది. టైర్లు కీచుమంటాయి, స్టీరింగు బరువెక్కుతుంది, ట్రాన్స్‌ఫర్ లివరు ఇరుక్కుపోయి 2హెచ్‌లోకి రాదు. అలా ఇరుక్కున్నప్పుడు కొద్ది దూరం తిన్నగా రివర్సు చేస్తే ఆ మెలి వదులుతుంది.

వాన పడుతున్నా తారు రోడ్డు గట్టి నేలే. ఔటర్ రింగు రోడ్డు మీద వానలో పార్ట్ టైమ్ 4హెచ్ వేసుకుని వేగంగా పోవడం భద్రత కాదు. నాలుగు చక్రాలూ లాగడం బండి కదలడానికి సాయపడుతుంది తప్ప ఆగే దూరాన్ని తగ్గించదు. మధ్యలో డిఫరెన్షియల్ ఉన్న ఫుల్ టైమ్ బండ్లకు, ఆల్ వీల్ డ్రైవ్ కార్లకు ఈ నిషేధం వర్తించదు.

2020 అక్టోబరు కుండపోతలో నగర కాలనీలు నీట మునిగాయి. అప్పటి నుంచి ఎత్తైన బండ్ల మీద నగరవాసులకు మక్కువ పెరగడం సహజమే. అయితే నీటిలో ఎంత లోతు దాకా దిగవచ్చన్నది ఇంజిన్ గాలి పీల్చే చోటు, కంపెనీ చెప్పిన కొలత నిర్ణయిస్తాయి. థార్‌కు ఆ కొలత 650 మిల్లీమీటర్లు. హబ్‌లు లాక్ చేసినా, డిఫరెన్షియల్ లాక్ వేసినా అది పెరగదు. మూత లేచిన మ్యాన్‌హోలు, ప్రవాహం బలం ముందు ఏ లాకూ పనిచేయదు. అండర్‌పాసులో నీళ్లు నిలిస్తే వెనక్కి మళ్లడమే సరైన నిర్ణయం.

వాడాల్సిన క్రమం

తారు రోడ్డు దిగిన చోటే, బురదలోకి పోకముందే హబ్‌లు లాక్ చేయాలి. దిగబడ్డాక చక్రం మధ్యభాగం బురదలో కూరుకుపోయి బిళ్ల చేతికి అందదు. వికారాబాద్, జహీరాబాద్ వైపు ఎర్రమట్టి, నల్లరేగడి రెండూ తగులుతాయి. తడిసిన ఎర్రమట్టి మీద 4హెచ్ చాలాసార్లు సరిపోతుంది. నల్లరేగడి టైరు గాడుల్లో నిండి టైరును నున్నగా చేసేస్తుంది కాబట్టి 4ఎల్‌లో నిదానంగా, ఆపకుండా పోవాలి.

అప్పటికీ చక్రం ఒకటి తిరిగిపోతుంటే ముందుగా వెనక లాక్ వేయాలి. చాలకపోతేనే ముందు లాక్, అదీ స్టీరింగు తిన్నగా ఉన్నప్పుడు, నడక వేగంలో. జారుతూ వేగంగా తిరుగుతున్న చక్రం మీద లాక్ వేస్తే పళ్లు విరుగుతాయి, కాబట్టి మొదట యాక్సిలరేటర్ వదలాలి. పక్కకు వాలిన ఏటవాలు మీద లాక్ ప్రమాదకరం. రెండు చక్రాలూ ఒకేసారి పట్టు కోల్పోతే బండి పల్లానికి జారుతుంది. గట్టు దాటగానే ముందు లాక్, తర్వాత వెనక లాక్ తీసేయాలి. తారు ఎక్కే ముందు 2హెచ్‌కు మార్చి హబ్‌లు ఫ్రీ చేయాలి.

చేత్తో తిప్పే హబ్‌లతో ఇంకో సౌకర్యం ఉంది. హబ్‌లు ఫ్రీలో ఉంచి 4ఎల్ వేస్తే తక్కువ గేరు బలం వెనక చక్రాలకే పోతుంది. కాంక్రీటు ర్యాంపు మీద ట్రెయిలరును నిదానంగా రివర్సు చేసేటప్పుడు మెలిపడే బెడద లేకుండా ఇది పనికొస్తుంది. బలమంతా ఒక్క ఇరుసు మీదే పడుతుంది కనుక కంపెనీ పుస్తకం అనుమతిస్తేనే, మెల్లగా చేయాలి.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వంటి జలాశయాల అడుగు నేల ఆఫ్ రోడింగ్ స్థలం కాదు. తాగునీటి చెరువులోకి గేర్ ఆయిల్, గ్రీజు మోసుకెళ్లే హక్కు ఏ బండికీ లేదు.

నిర్వహణ

నీళ్లలోంచి వచ్చాక డిఫరెన్షియల్ ఆయిల్ చూడాలి. వేడెక్కిన ఇరుసు గొట్టం చల్లని నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, సీళ్ల సందుల్లోంచి నీటిని లోపలికి పీలుస్తుంది. పైన గాలి ఆడేందుకు ఉండే బ్రీదరు మట్టితో మూసుకుపోతే ఇది ఇంకా ఎక్కువ. డ్రెయిన్ బోల్టు విప్పినప్పుడు ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా వస్తే నీళ్లు చేరినట్టే, వెంటనే మార్చాలి. బోల్టు అయస్కాంతానికి మెత్తని నుసి అంటడం మామూలే. పలుకుల్లాంటి ముక్కలుంటే గేరు పళ్లు విరుగుతున్నాయని అర్థం.

హబ్‌లో గ్రీజు పలచగా రాయాలి. దట్టంగా కూరితే రింగు జరగదు. బిళ్లను వేళ్లతోనే తిప్పాలి, పట్టకారు పెడితే పగులుతుంది. బిగుసుకుంటే బండిని కొద్దిగా ముందుకూ వెనక్కూ కదిపితే పళ్లు కుదురుకుంటాయి. నెలకోసారి మట్టిదారిలో కొన్ని కిలోమీటర్లు 4హెచ్‌లో నడిపితే ముందు ఇరుసులోని ఆయిల్ అన్ని పళ్లకూ అందుతుంది. తారు మీదే తిరిగే సైబరాబాద్ బండ్లకు ఈ అలవాటు మరీ అవసరం.

తెలుగు నేలపై పరిశ్రమ

ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2016 ఏప్రిల్‌లో ఇసుజు కర్మాగారం ప్రారంభమైంది. ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ట్రక్కు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ అక్కడే తయారవుతుంది. ఇందులో గుండ్రని మీట తిప్పితే 2హెచ్ నుంచి 4హెచ్ పడుతుంది.

హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషను ఎదుట హ్యుందాయ్ ఇంజనీరింగ్ కేంద్రం ఉంది. గేర్‌బాక్సులు, ఇరుసుల తయారీలో పేరున్న జర్మన్ సంస్థ జెడ్‌ఎఫ్ నానక్‌రామ్‌గూడలో సాంకేతిక కేంద్రం నడుపుతోంది. జీప్ బ్రాండుకు అప్పటి యజమాని అయిన ఫియట్ క్రైస్లర్ 2020 డిసెంబరులో 15 కోట్ల డాలర్లతో హైదరాబాద్‌లో డిజిటల్ కేంద్రం ప్రకటించింది. వాహనాల సాఫ్ట్‌వేర్, డిజైను పనికి ఐటీ కారిడారు ఇలా ఒక చిరునామా అయింది. కొత్త బండ్లలో ముందు ఇరుసును కలపడం, విడదీయడం, జారే చక్రానికి బ్రేకు వేయడం కంప్యూటరే చూసుకుంటోంది. అయినా పార్ట్ టైమ్ బండిలో చక్రం కింద ఉన్నది కాంక్రీటో నల్లరేగడో చూసి మీట తిప్పే బాధ్యత డ్రైవరుదే.