నెమ్ము ఏ కోడ్ కిందకి వస్తుంది?

మన కృష్ణా జిల్లాలో పెద్దవాళ్లు న్యుమోనియా అనరు, "నెమ్ము చేసింది" అంటారు. గోడకి నెమ్ము పట్టినట్టే ఊపిరితిత్తులకి పట్టిందని. పసిపిల్లలకైతే "డొక్కలెగరేస్తున్నాడు" అంటారు. నన్నడిగితే రెండూ మంచి మాటలే, చూసింది చూసినట్టు చెప్తాయి. కానీ ఆ నెమ్ము దేనివల్ల వచ్చింది? వైరస్సా, బాక్టీరియానా? బాక్టీరియా అయితే ఏది? ఆ సంగతి కాగితం మీద ఎవరు రాశారు, ఎవరు వదిలేశారు అన్నదే ఈ ఎపిసోడ్.

1918కి వెళ్దాం. బెజవాడ అప్పటికే పెద్ద రైల్వే జంక్షన్. మద్రాసు, కలకత్తా, హైదరాబాదు దారులు ఇక్కడ కలిసేవి. ఆ ఏడాది జూన్‌లో బొంబాయిలో దిగిన ఇన్‌ఫ్లుయెంజా రైలు పట్టాల వెంట దేశమంతా పాకింది. మొత్తం మీద కోటికి పైనే, కొన్ని అంచనాల్లో కోటీ ఎనభై లక్షల దాకా పోయారు. మరి మద్రాసు ప్రెసిడెన్సీ పల్లెల్లో చావు రాసేది ఎవరు? డాక్టర్ కాదండి, గ్రామాధికారి. ఆయన దగ్గరున్న గడులు ఏంటంటే కలరా, మశూచి, ప్లేగు, జ్వరాలు, విరేచనాలు, శ్వాస జబ్బులు, దెబ్బలు, ఇతరాలు. ఆ ఏడాది పోయినవాళ్లు ఎక్కువగా "జ్వరాలు" గడిలోకి, కొంతమంది "శ్వాస జబ్బులు" గడిలోకి వెళ్లారు.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది. డ్రాప్‌డౌన్‌లో ఏ ఆప్షన్లు పెట్టామో డేటా కూడా అంతే చెప్తుంది. తప్పు గ్రామాధికారిది కాదు, ఫారం చేసినవాడిది. 2008లో అమెరికాలో మోరెన్స్, టౌబెన్‌బర్గర్, ఫౌచీ అనే ముగ్గురు 1918 నాటి శవపరీక్షల నమూనాలు, రిపోర్టులు తిరగేసి ఒక మాట చెప్పారు. ఆ చావుల్లో అత్యధికం ఫ్లూ వైరస్ ఒక్కదానివల్లే కాదు, దాని వెనకే వచ్చిన బాక్టీరియా న్యుమోనియావల్ల అని. అక్కడ దాచిపెట్టిన ఊపిరితిత్తుల ముక్కలు ఉన్నాయి కాబట్టి తొంభై ఏళ్ల తర్వాత కూడా చెప్పగలిగారు. మన పల్లెల వైపు నుంచి మిగిలింది "జ్వరం" అన్న ఒక్క మాట.

అప్పటికి సైన్స్‌కి ఈ బాక్టీరియా తెలియదా అంటే, బాగా తెలుసు. 1884లో బెర్లిన్‌లో క్రిస్టియన్ గ్రామ్ అనే డాక్టర్, న్యుమోనియాతో చనిపోయినవాళ్ల ఊపిరితిత్తుల్లో బాక్టీరియా కనపడాలని ఒక రంగు పద్ధతి కనిపెట్టాడు. ఈ రోజుకీ ప్రతి ల్యాబ్‌లో చేసే గ్రామ్ స్టెయిన్ అదే. ఆ తర్వాత న్యుమోకాకస్‌కి సీరం వైద్యం వచ్చింది. ఇక్కడ ఒక కిటుకుంది. ఆ సీరం ఏ రకం న్యుమోకాకస్‌కి చేస్తే ఆ రకానికే పనిచేస్తుంది. అంటే డాక్టర్ ముందు కఫం పరీక్ష చేయించి రకం తేల్చాల్సిందే. పేరు తెలియకపోతే మందు లేదు.

1930ల చివర్లో సల్ఫా మందులు, వెనకే పెన్సిలిన్ వచ్చాక ఆ అవసరం పోయింది. 1948లో ఇంకో మందు వచ్చింది, ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. మట్టిలోంచి దాన్ని పట్టింది బెంజమిన్ డగ్గర్, ఆ లెడర్లీ పరిశోధనశాలకి డైరెక్టర్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. కొల్లేరుకి ఆ పక్క గోదావరి డెల్టా మనిషి. మందు బయటికొచ్చిన కొద్ది వారాలకే, ఆ ఆగస్టులోనే ఆయన పోయారు. ఆయన గురించి విడిగా ఒక ఎపిసోడ్ చేయాలి, ఇప్పుడు మొదలుపెడితే ఆగను.

ఆ మందు ఎంతమందిని బతికించిందో లెక్కే లేదు. కానీ రాతకోతల వైపు నుంచి చూస్తే దానివల్ల ఇంకోటి కూడా జరిగింది. చాలా రకాల క్రిములని ఒకేసారి కొట్టే మందు చేతిలో ఉంటే, ఏ క్రిమో తేల్చాలన్న తొందర ఎవరికుంటుంది? పేషెంట్ ఇంటికెళ్లాడు, చాలు. పేరు ఖాళీగా ఉండిపోయింది.

విచిత్రంగా అదే 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పుట్టి, జబ్బుల వర్గీకరణ ఆరో కూర్పుని చేతిలోకి తీసుకుంది. దీని మూలం 1893లో జాక్ బెర్టిలాన్ చేసిన మరణ కారణాల పట్టిక. ఆరో కూర్పు దాకా అది ప్రధానంగా చావుల లెక్కే, బతికున్న రోగుల జబ్బులు చేరింది అప్పుడే. ఇప్పుడు మనం ఎక్కువగా వినే ఐసీడీ-10లో న్యుమోకాకస్ న్యుమోనియా జె13. క్లెబ్సియెల్లా అయితే జె15.0. బాక్టీరియానే గానీ ఏదో తెలియదంటే జె15.9. అసలేదీ తెలియదు, ఉత్త న్యుమోనియా అంటే జె18.9. కోడ్ రాసేవాళ్ల భాషలో చెప్పాలంటే జె18.9 అనేది "ఎల్స్" బ్లాక్. ఏ కండిషనూ కలవకపోతే అక్కడ పడుతుంది.

అమెరికా 2015 అక్టోబర్ 1 నుంచి ఐసీడీ-10కి మారింది. ఆ కోడింగ్ పనిలో మన బీఫార్మసీ, లైఫ్ సైన్సెస్ పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లకి మొదట్లోనే నేర్పే రూల్ ఒకటుంది. కల్చర్ రిపోర్ట్‌లో క్లెబ్సియెల్లా కనపడుతున్నా సరే, డాక్టర్ "న్యుమోనియా" అని మాత్రమే రాస్తే కోడర్ తనంతట తాను జె15.0 వేయకూడదు. ఆ క్రిమివల్లే ఈ న్యుమోనియా అని డాక్టర్ రాయాలి. అనుమానముంటే కోడర్ ప్రశ్న పంపాలి, దాన్ని క్వెరీ అంటారు. అక్కడ ఆసుపత్రికొచ్చే డబ్బు ఆ జవాబుతో మారొచ్చు కాబట్టి అంత పట్టింపు. కోడ్ పెంచి రాసుకునే ఆశ కూడా ఆ డబ్బులోనే ఉంది, అది వేరే సంగతి.

మరి మన దగ్గర? ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాల్లో మొదలైంది. తర్వాత పేరు ఎన్నిసార్లు మారిందో మీకు తెలుసు. ఎక్స్‌రేలు, రిపోర్టులు అప్‌లోడ్ చేసే అలవాటు తెచ్చింది, అది చిన్న విషయం కాదు. కానీ అది ప్యాకేజీ లెక్క. ఏ క్రిమి అని వెతికి రాయడానికి పెద్ద కారణం కనపడదు. మన అమ్మాయి ఒకావిడ విజయవాడలో కూర్చుని, ఎక్కడో అమెరికాలో ఉన్న ముసలాయనకి వచ్చింది ఏ బాక్టీరియా అని అక్కడి డాక్టర్‌ని అడగగలదు. వాళ్ల తాతగారి డిశ్చార్జ్ సమ్మరీ మీద అదే ప్రశ్న అడిగే కుర్చీ మన ఊళ్లో లేదు.

ఇదంతా కాగితాల గొడవ అనుకుంటే కోవిడ్ గుర్తుతెచ్చుకోండి. మనకి 1969 చట్టం కింద మరణ కారణం రాసే ఫారం 4 ఉంది. పై గీత మీద వెంటనే చంపిన కారణం, కింద గీత మీద అసలు మూలం. "గుండె ఆగిపోయింది" అని రాయకూడదు, ఎవరు పోయినా గుండె ఆగుతుంది కదా. 2020లో ఐసీఎంఆర్ మార్గదర్శకాలు కూడా ఇదే చెప్పాయి. న్యుమోనియా పైన, కోవిడ్ కింద మూలంగా రాయాలి అని. ఒట్టి న్యుమోనియా అని ఆపేస్తే ఆ మనిషి కోవిడ్ లెక్కలోకి రాడు. 2021లో సుప్రీంకోర్టు ఒక్కో కుటుంబానికి 50 వేల రూపాయల పరిహారాన్ని ఆమోదించాక ఆ గీతకి విలువ తెలిసింది. మన రాష్ట్రంలో నమోదైన కోవిడ్ మరణాలు 14 వేల పైచిలుకు. 2022 జనవరి నాటికి వచ్చిన దరఖాస్తులు 36 వేలు దాటాయి. పరిహారం ఆలస్యమైందని కోర్టు మన చీఫ్ సెక్రటరీని పిలిపించింది కూడా.

ఇంకో మెలిక. మున్సిపాలిటీ ఇచ్చే మామూలు డెత్ సర్టిఫికెట్‌లో మరణ కారణం ఉండదు. ఉండకూడదని ఆ 1969 చట్టంలోనే ఉంది. అంటే ఆసుపత్రి ఆ గీత మీద ఏం రాసిందో చాలా ఇళ్లకి తెలియనే తెలియదు. 2023లో చట్టం సవరించారు, ఆ అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. కారణం రాసిన ఆ సర్టిఫికెట్ కాపీ దగ్గరి బంధువుకి కూడా ఇవ్వాలి, డబ్బు తీసుకోకుండా.