అణువుల కదలికకు గణితపు కొలత: వాల్తేరు చూపిన బాట

పూర్వపు నెల్లూరు జిల్లా అభ్రకమునకు పెట్టినది పేరు. గూడూరు మొదలుకొని ఆత్మకూరు, కావలి ప్రాంతముల వరకు ఈ ఖనిజము దొరకు నేల వ్యాపించియున్నది. దీనిని కాకిబంగారమనియు అందురు. ఇది పలుచని రేకులుగా ఊడివచ్చును. చక్కగా పెరిగిన అభ్రక స్ఫటికము ఆరు అంచులు గల పలకవలె ఉండును. ఉదయగిరి, ఆత్మకూరు సీమలలో కొండాపురము వంటి గ్రామమున చదువుకొను విద్యార్థికి, ‘ఈ రాయికి ఇంత క్రమమైన ఆకార మెట్లు వచ్చినది?’ అను సందేహము కలుగుట సహజము. ఈ సందేహమును వదలక వెంబడించినచో రసాయనము, భౌతికము, గణితము అను మూడు శాస్త్రములును ఒకచోట కలియును. అట్లు కలిసిన స్థానములలో ముఖ్యమైనది వాల్తేరు.

ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో బెజవాడలో ఆరంభమై, 1930లో వాల్తేరునకు తరలినది. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ దానికి వైస్‌చాన్సలరు అయిరి. జయపురము మహారాజు విక్రమదేవవర్మ ఏటేట లక్ష రూపాయల విరాళ మిచ్చుటచే విజ్ఞాన కళాశాల నిలద్రొక్కుకొన్నది. 1933లో టి. ఆర్. శేషాద్రి రసాయన శాఖకు వచ్చి, పూవులలోను, చెట్ల బెరళ్లలోను ఉండు రంగు పదార్థములను వేరుచేసి వాని నిర్మాణమును శోధించిరి. ఆనాడు రసాయన పరిశోధన యనగా చాలమందికి ఇదియే: పదార్థమును వేరుచేయుట, శుద్ధిచేయుట, పేరుపెట్టుట. అణువు లోపల జరుగు కదలికను లెక్కకట్టు పని మాత్రము ప్రక్కనున్న భౌతిక శాఖలో మొదలైనది.

ఆ పని చేపట్టినవారు సూరి భగవంతం. ఆయన 1909లో గుడివాడలో జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తాలో సి. వి. రామన్ వద్ద చేరిరి. 1932లో వాల్తేరునకు అధ్యాపకులుగా వచ్చిరి.

1928 ఫిబ్రవరి 28వ తేదీన రామన్ కనుగొన్న సంగతి యేమి? ఒకే రంగు కాంతిని పదార్థముపై ప్రసరింపజేసినపుడు, చెదరివచ్చు కాంతిలో కొంచెము భాగము రంగు మారియుండును. అణువులోని పరమాణువులు సదా కంపించుచుండును గనుక ఈ మార్పు కలుగును. కావున రామన్ వర్ణపటములోని ఒక్కొక్క గీత ఒక్కొక్క కంపనమునకు ఆనవాలు. ఐతే అన్ని కంపనములును అందు కనిపించవు. బొగ్గుపులుసు వాయువు అణువును చూడుడు. మధ్య కార్బను, రెండు ప్రక్కల ఆక్సిజను పరమాణువులు ఒకే వరుసలో ఉండును. రెండు ఆక్సిజనులును ఒకేసారి సమానముగా వెలుపలికి జరిగినపుడు విద్యుదావేశముల తూకము చెడదు. అందుచే ఆ కంపనము పరారుణ కిరణములను గ్రహింపదు. రామన్ వర్ణపటములో మాత్రము కనిపించును. ఏ కంపనము ఎక్కడ కనిపించునో నిర్ణయించునది అణువు యొక్క సౌష్ఠవము.

సౌష్ఠవమును లెక్కించుటకు సమూహ సిద్ధాంత మను గణితము కలదు. వాకిట తీర్చిన చతురస్రపు ముగ్గు దీనికి మంచి ఉదాహరణము. అన్నివైపుల సమానముగా నున్న ముగ్గును పావు చుట్టు త్రిప్పినను, అర చుట్టు త్రిప్పినను మునుపటివలెనే ఉండును. అద్దములో చూచినట్లు నాలుగు గీతల మీదుగా తిరగవేసినను మారదు. కదల్చకుండుటతో సహా ఇట్టి క్రియలు 8 కలవు. ఏ రెండింటిని వరుసగా చేసినను వచ్చు ఫలితము ఆ ఎనిమిదింటిలోనిదే యగును. ఇదియే సమూహము. ఈ గణితమును 1930లో విగ్నర్ అణువుల కంపనములకు అన్వయించి యుండెను. స్ఫటికములో అణువులు విడివిడిగా ఉండవు. లెక్క లేనన్ని పరమాణువులు వరుసలు తీరియుండును. అచ్చట ఏమి చేయవలెను?

ఈ ప్రశ్నకు 1939లో భగవంతం, గణితజ్ఞుడైన టి. వెంకటరాయుడు కలిసి సమాధాన మిచ్చిరి. స్ఫటికమంతయు లెక్కింప నక్కరలేదు. అందు పదేపదే వచ్చు కనిష్ఠ భాగమును, దాని సౌష్ఠవమును తీసికొన్న చాలును. సున్నపురాతిలోని కాల్సైటును పరిశీలింతము. దాని కనిష్ఠ భాగములో 10 పరమాణువులున్నవి. ఒక్కొక్కటి మూడు దిక్కులకు కదలగలదు గనుక మొత్తము 30 కదలికలు. వానిలో 3 అంతయు కలిసి జరుగుట మాత్రమే. మిగిలిన 27 కంపనములలో రామన్ వర్ణపటమునకు 9, పరారుణ వర్ణపటమునకు 13 చెందును. 5 రెండింటను కనిపించవు. ఆ తొమ్మిదింటిలో నాలుగు జంటలకు సమాన పౌనఃపున్యములుండుటచే 5 గీతలే రావలెను. కొలిచి చూచినచో కాల్సైటునకు 5 గీతలే కలవు. వానిలో మూడు కార్బొనేటు లోపలి కంపనములు. రెండు స్ఫటికపు వరుసలు ఊగుటవలన కలిగినవి. కార్బొనేటును ఒంటరిగా లెక్కించినచో ఈ రెండును లెక్కకు రావు. కాగితము, పెన్సిలుతో ముందే చెప్పిన సంఖ్యను పరికరము ధ్రువపరచుట ఈ పద్ధతి గొప్పతనము.

ఇంతలో యుద్ధము వచ్చినది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపై జపాను బాంబులు పడినవి. విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలి, 1946లో తిరిగి వాల్తేరు చేరినది. 1948లో భగవంతం, వెంకటరాయుడు రచించిన సమూహ సిద్ధాంత గ్రంథమును విశ్వవిద్యాలయమే ప్రచురించినది. 1959లో అది మాస్కోలో రష్యను భాషలో వెలువడినది. భౌతిక శాస్త్రజ్ఞులకై వ్రాసిన ఆ విషయము నేడు ఎం.యస్సీ. రసాయన విద్యార్థికి తప్పనిసరి పాఠము.

ఒకప్పుడు ఉదయగిరి సీమనుండి ఈ చదువునకు వాల్తేరు, మదరాసు వంటి దూరపు పట్టణములకు పోవలసియుండెను. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర, 2008లో నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయములు వెలసినవి. దూరము తగ్గినది, మరియొక అడ్డు మిగిలినది. ఇంటర్మీడియేటులోనే గణితమును వదలి రసాయనమును పట్టినవారికి, ఎం.యస్సీ.లో సౌష్ఠవ పట్టికలు ఎదురైనపుడు అవి అర్థము లేని అంకెల వరుసలుగా తోచును. కంప్యూటరు ఆ అంకెలను క్షణములో కూర్చును. కాని అణువునకు ఏ సౌష్ఠవ మున్నదో చూచి, వచ్చిన జవాబు పొసగునో లేదో తేల్చవలసినవాడు విద్యార్థియే.

ఆ చూపు ఎం.యస్సీ.లో అలవడునది కాదు. తొమ్మిదవ తరగతిలో ముగ్గును త్రిప్పి చూపి, అది మారని క్రియలను పిల్లలచే లెక్కింపజేయుటకు ఒక పీరియడు చాలును. భగవంతం, వెంకటరాయుడు ఇద్దరును వేరువేరు శాస్త్రములవారు. వారు కలిసి కూర్చుండుటచే సాధ్యమైన పని యిది. ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయుడు, సామాన్యశాస్త్రోపాధ్యాయుడు ఆ పీరియడును కలిసి చెప్పినచో, గణితమును వదలుటకు ముందు విద్యార్థి ఒకసారి ఆలోచించును.