ఓహరు చరిత్రము: మూలనవలయు, చిత్రమును, విమర్శయు

జపాను దేశమున క్రీ. శ. 1686లో ఇహర సైకాకు (1642–1693) రచించిన యొక నవల, 266 ఏండ్ల పిమ్మట, 1952లో మిజోగుచి కెంజిచే చలనచిత్రముగా రూపొందింపబడెను. నవలలో కుటీరవాసినియైన యొక వృద్ధ తన పూర్వకథను ఇరువురు యువకులకు స్వయముగా వినిపించును. రాజమందిరమునుండి వీథివఱకు దిగజాఱిన బ్రతుకును ఆమె చెప్పుకొను తీరున పశ్చాత్తాపముకంటె హాస్యమును, లౌకికచాతుర్యమును హెచ్చు.

చిత్రమున నీ హాస్యము మిక్కిలి యల్పము. క్యోటో రాజమందిర పరిచారికయగు ఓహరు తక్కువ యంతస్తుగల సేవకుని ప్రేమించును. అతనికి శిరచ్ఛేదమును, ఆమె కుటుంబమునకు నగరబహిష్కారమును విధింపబడును. ఒక ప్రభువునకు వంశోద్ధారకుని గని యిచ్చిన పిదప ఆమె వెడలగొట్టబడును. తండ్రి ఋణములకై వేశ్యావాటికకు అమ్మబడును. పెండ్లాడిన విసనకఱ్ఱల పనివాడు దొంగలచేత హతుడగును. నవలలో పెక్కుమాఱులు తన యిచ్ఛచే చరించిన స్త్రీ, చిత్రమున పరుల యాజ్ఞలచే త్రిప్పబడును. పంచశతార్హంతుల యాలయఘట్టమే యిందుకు నిదర్శనము. నవలలో ఆ విగ్రహములను జూడగా పూర్వప్రియు లెందఱో జ్ఞప్తికి వత్తురు. చిత్రమున తొలి ప్రియుని మొగ మొక్కటియే కానవచ్చును.

జపానులో కినెమ జుంపో పత్రిక 1952 ఉత్తమచిత్రముల పట్టికయందు దీనికి తొమ్మిదవ స్థానమొసగెను. ప్రథమస్థానము కురొసవ అకిర "ఇకిరు" చిత్రమునకు దక్కెను. ఆ యేడే వెనిసు ఉత్సవమున దీనికి అంతర్జాతీయ బహుమానము లభించెను. 1958లో ఫ్రెంచి విమర్శకుడు జాక్ రివెట్, మిజోగుచిని గ్రహించుటకు నేర్వవలసినది జపాను భాష కాదనియు, దృశ్యరచనాభాషయే యనియు వాదించెను.

ఈ వాదము సగమే సత్యము. దీర్ఘములైన యవిచ్ఛిన్నదృశ్యములును, దూరమున నిలిచి చూచు కెమెరాయు, నాయిక తనాక కినుయో నడకయు అనువాదము నపేక్షింపవు. కాని సైకాకును జదువనివానికి దర్శకుడు చేర్చినది కానవచ్చునే గాని, తొలగించినది కానరాదు. మూలమును విడిచెనని దూషించువారును ఆ విడుచుటకు గల హేతువును విచారింపవలెను. మిజోగుచి యక్క బాల్యముననే పెంపునకీయబడి, పిదప గెయిషాయయ్యెను. యౌవనమున నాతనికి ఆమెయే యాధారము. ఓహరు పతనమును వినోదముగా జెప్పుట కాతని మనస్సొప్పకుండుట సహజము.

కావున తొమ్మిదవ స్థానమునుగాని, వెనిసు బహుమానమునుగాని ప్రమాణముగా గొనక, నవలను చిత్రమును ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించుటయే యీ కృతికి దగిన విమర్శపద్ధతి.