బోరుకి పంపిన డబ్బులు

మా పొలంలో ఒక బాయి, ఐదు బోర్లు ఉన్నాయి. నీళ్ళిచ్చేది ఒక్కటే బోరు. ఆ ఐదిట్లో మూడు నేను పంపిన డబ్బుల్తో వేసినవే. మాది కోరుట్ల పక్కన పల్లె, కాలువ నీళ్ళు ఎక్కని గడ్డ. ఉద్యోగం వచ్చిన కొత్తలో బాపు ఫోన్ చేసి "బోరు ఎండిందిరా" అంటే ఎంత కావాలని అడిగి పంపేసేవాణ్ణి. ఊరికేదో మేలు చేస్తున్నానన్న ఫీలింగు కూడా ఉండేది.

ఒకసారి సెలవుల్లో వెళ్తే పక్క పొలం కాక అన్నాడు. "నీ కొడుకు పైసలు పంపుతుండని మీ బాపు ఎంత లోతుకైనా పోతడు. మరి నా బాయి సంగతేంది బిడ్డా?" ఆయన బాయి మా మూడో బోరు పడ్డాకే ఎండిందట. జవాబు చెప్పలేకపోయాను. తిరిగొచ్చాక ఈ విషయం గురించి దొరికిందల్లా చదివాను. ఇది ఆ చదువు ఫలితం.

మన జిల్లాల కింద ఉన్నది గట్టి రాయి. పైన కొన్ని మీటర్ల మేర రాయి చివికిపోయి స్పాంజిలాగా నీళ్ళు పట్టుకుంటుంది. దాని కిందంతా పగుళ్ళే. తాతల కాలంలో బాయి ఆ పై పొరలోనే ఉండేది, నీళ్ళు మోటతో తోడేవాళ్ళు. ఎద్దులు అలిసిపోతే తోడకం ఆగేది. మన భాషలో చెప్పాలంటే రేట్ లిమిటింగ్ :-) తర్వాత ఆయిల్ ఇంజన్లొచ్చాయి, కరెంటు మోటార్లొచ్చాయి, ఆ వెనకే రిగ్గులొచ్చాయి. లిమిట్ పోయింది. నా బోరు పగులూ పక్కాయన బాయి ఊటా ఒకటే అయితే, లోతుగా పోయినవాడిదే నీళ్ళు.

చట్టం కూడా వాడి పక్షమే. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం నీ భూమి కింద నీళ్ళు తోడుకునే హక్కు నీదే. నీళ్ళకి గెట్లు తెలియవన్న సంగతి ఆ చట్టానికి పట్టలేదు.

జగిత్యాల, కోరుట్ల వైపు కొంత అదృష్టం ఉంది. 1963లో నెహ్రూ పునాదిరాయి వేసిన పోచంపాడు ప్రాజెక్టు (ఇప్పటి శ్రీరాంసాగర్) కాకతీయ కాలువ ఇటునుంచే పోతుంది. కాలువ కింద పొలాలకి నీళ్ళిస్తూ, ఊటతో చుట్టుపక్కల బాయిల్ని కూడా నింపుతుంది. సిరిసిల్లకి ఆ భాగ్యం ఉండేది కాదు. నర్మాల దగ్గర నిజాం కాలపు ఎగువ మానేరు తప్పిస్తే చెరువులు, బాయిలు, బోర్లే ఉండేవి. అక్కడ కరువొస్తే రైతు రిగ్గు లారీ కోసం చూసేవాడు.

మరి ప్రభుత్వం ఏం చేసింది? 1996లో తాగునీటి కోసం భూగర్భ జలాల నియంత్రణ చట్టం తెచ్చింది. తర్వాత ఇంకా పెద్దది, 2002లో వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ కూడా దాన్నే కొనసాగించింది. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంటుంది. రాష్ట్రం, జిల్లా, మండలం, మూడు స్థాయిల్లో అథారిటీలు. కొత్త బోరుకి అనుమతి కావాలి. ఊరి తాగునీటి బోరుకి 250 మీటర్లలోపు అనుమతి లేకుండా వేయకూడదు. రిగ్గులు రిజిస్టర్ చేయించుకోవాలి. మితిమీరి తోడిన చోట కొత్త బోర్లు ఆపొచ్చు.

మా మూడో బోరుకి అనుమతి ఉందా అని బాపుని అడిగాను. నవ్వాడు. రిగ్గు రాత్రి వచ్చింది, తెల్లారేసరికి వెళ్ళిపోయింది. ఎవరూ అడగలేదు. తప్పు ఆఫీసుదే అనను, తప్పు మాదీ కూడా. కానీ మండలానికంతటికీ ఆ కొద్దిమంది ఆఫీసర్లు ఏ రాత్రి ఏ పొలంలో రిగ్గు ఆడుతుందో ఎట్లా చూస్తారు? పైగా 2004లో ఉచిత కరెంటు వచ్చింది, 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటలూ వచ్చింది. రైతుకి అది అవసరమే, కాదనను. కానీ ఒక చేత్తో తోడొద్దని చట్టం, ఇంకో చేత్తో ఎంతైనా తోడుకోమని కరెంటు!

దీనికి ఇంకో దారి మన దగ్గరే వెతికారు. 2000ల మధ్యలో ఎఫ్ఏఓ సాయంతో అనంతపురం, మహబూబ్‌నగర్, నల్గొండ లాంటి ఏడు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాల్ని చూసుకునే ప్రాజెక్టు నడిచింది. రైతులే వాన కొలిచేవాళ్ళు, బోర్లలో నీటిమట్టం కొలిచేవాళ్ళు. యాసంగికి ముందు కూర్చుని, ఉన్న నీళ్ళెన్ని, వేయబోయే పంటలకి కావాల్సినవెన్ని అని లెక్క వేసేవాళ్ళు. ఏ పంట వేయాలో ఎవరూ ఆర్డరు వేయలేదు. అయినా చాలాచోట్ల వరి తగ్గి ఆరుతడి పంటలు పెరిగాయి. నిధులైపోయాక ఆ ఊపు అన్నిచోట్లా నిలవలేదనుకోండి. ఆ ఏడు జిల్లాల్లో మన కరీంనగర్ లేదు.

మనవాళ్ళు బోలెడుమంది ఉండే శాన్ హోసే సంగతి చూడండి. అక్కడ పండ్ల తోటల కోసం తోడీ తోడీ, 1960ల చివరికి నేల దాదాపు 13 అడుగులు కుంగింది. 1929లోనే అక్కడివాళ్ళు ఒక స్థానిక నీటి సంస్థ పెట్టుకుని, వాన నీళ్ళు ఇంకేలా డ్యాములు కట్టారు. తర్వాత బయటినుంచి నీళ్ళు తెచ్చారు, తోడినదానికి కొలిచి డబ్బులు వసూలు చేశారు. కుంగడం ఆగింది. 2014లో కాలిఫోర్నియా రాష్ట్రమంతటికీ చట్టం వచ్చింది. స్థానిక ఏజెన్సీలే ప్లాను వేసుకుని 20 ఏళ్ళలో తోడకాన్ని అదుపులోకి తేవాలి, చేతకాకపోతే రాష్ట్రం దిగుతుంది.

ఇక్కడా బయటి నీళ్ళొచ్చాయి. మిషన్ కాకతీయలో చెరువులు బాగుపడ్డాయి, మధ్య మానేరు నిండింది, వానలు కూడా బాగా పడ్డాయి. సిరిసిల్ల జిల్లాలో నీటిమట్టం 6 మీటర్లు పెరిగిందని 2020లో పేపర్లన్నీ రాశాయి. సంతోషమే. కానీ 2023 అక్టోబర్లో మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి. పైనుంచి వచ్చే నీళ్ళు ఎప్పుడూ వస్తాయన్న గ్యారంటీ లేదని అప్పుడు అందరికీ తెలిసింది. శాన్ హోసేవాళ్ళు నీళ్ళూ తెచ్చారు, లెక్కా పెట్టారు. మనం నీళ్ళు తెచ్చి లెక్క మర్చిపోయాం.

లెక్క రాయడానికి చట్టం మారేదాకా ఆగక్కర్లేదు. పోయిన వేసవిలో బాపు మళ్ళీ బోరు మాట ఎత్తితే డబ్బులు పంపలేదు. చాలా కోపమొచ్చింది, రెండు వారాలు సరిగా మాట్లాడలేదు. ఆ తర్వాత ఊరెళ్ళి, మూరకొక ముడి వేసిన తాడు ఒకటి, నోటుబుక్కు ఒకటి ఇచ్చాను. ఇప్పుడు నెలనెలా మా బాయిలోకీ, కాక బాయిలోకీ తాడు వదిలి ఎన్ని ముళ్ళు తడవకుండా పైకొచ్చాయో రాస్తున్నాడు. మొదటి నెలల్లో కాక బాయి పక్కన రాసింది ఒకటే మాట, "పొడి". శ్రావణంలో ఫోన్ చేసి "మీ కాక బాయిల ఆఖరి రెండు ముళ్ళు తడిసినయిరా" అన్నాడు.

యాసంగిలో మా పొలంలో సగమే వరి, మిగతాది మక్క వేద్దామని అడిగాను. ఇంకా ఒప్పుకోలేదు. కాకతో మాట్లాడి చెప్తానన్నాడు. వాళ్ళిద్దరూ నీళ్ళ గురించి కలిసి మాట్లాడుకోవడం నాకు తెలిసి ఇదే మొదటిసారి.